ఎలుకల గురించి వాకబు

మా పెద్దమ్మ వాకబు చెయ్యనిదే ఏ పనీ చెయ్యదు. పెళ్ళి సంబంధమే కాదు, పాడి గేదె, అద్దె ఇల్లు, మిక్సీ, ఏదైనా సరే తెలిసినవాళ్ళని పట్టుకుని ఆరా తియ్యాల్సిందే. పామర్రులో ఆవిడ ప్రశ్నలు తప్పించుకున్న పెళ్ళికొడుకు లేడు.

అలాంటి మనిషికి కడుపులో గడ్డ బయటపడింది. ఆపరేషన్‌కి లొంగేది కాదని, ఒక ఇంజెక్షన్ ఉందని విజయవాడ డాక్టరు గారు చెప్పారు. ఆ మందు వెతుక్కుంటూ పోయి గడ్డకే అతుక్కుంటుందట. దానితో వెళ్ళిన రేడియేషన్ గడ్డను అక్కడికక్కడే కాలుస్తుందట.

"ఇంతకు ముందు ఎవరన్నా చేయించుకున్నారాండీ?" అంది పెద్దమ్మ.

"చాలామంది చేయించుకున్నారమ్మా."

"వాళ్ళకంటే ముందు?"

డాక్టరు గారు నిజం చెప్పే రకం. "ముందు ఎలుకల మీద చూశారమ్మా" అన్నారు.

అంతే, నా పని పట్టింది. ఇలాంటి మందుల్ని ఎలుకల మీద పరీక్షించే ల్యాబులో నా ఉద్యోగం. గవర్నర్‌పేటలోని మా ఇంటికి రాగానే, నేను ఎలుకల తరఫు బంధువునన్నట్టు ఎదురుగా కూర్చోబెట్టుకుంది. జీవితమంతా ధాన్యం బస్తాల పక్కన బోను పెట్టి, గారె ముక్క ఎర వేసి ఎలుకల్ని పట్టిన మనిషి ఈవిడ.

"మందేశాక తిండి తిన్నాయా?"

"తిన్నాయి పెద్దమ్మా."

"నీరసపడ్డాయా?"

"కొన్ని, కొద్దిగా."

"గడ్డ తగ్గిందా?"

"చాలావాటికి బాగా తగ్గింది."

ఆవిడ మొహం విప్పారింది. "మరి ఇప్పుడెలా ఉన్నాయే?"

వెనక నుంచి మా అమ్మ వద్దన్నట్టు కళ్ళతో సైగ చేసింది. ఈ వైద్యం కాదంటే పెద్దమ్మకు మరో దారి లేదు. కానీ వాకబులో ఒక్క అబద్ధం దొరికినా ఆవిడ సంబంధం వదిలేసుకునే రకం.

"లేవు పెద్దమ్మా. లోపల మందు ఎక్కడిదాకా వెళ్ళిందో చూడాలి కదా. నొప్పి తెలియకుండా చంపి, కోసి చూస్తాం."

"రోగం తగ్గించి మరీ చంపారా? మీ చదువులు తగలెయ్యా!"

ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. తెల్లారేసరికి సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడింది. పామర్రు బస్సుకేననుకున్నాను.

"ఆటో పిలువు, ఆస్పత్రికి" అంది. "నేను కాదంటే పాపం అవి ఉత్తపుణ్యాన పోయినట్టే కదే. నన్ను మాత్రం కోసి చూడద్దని ముందే చెప్పు."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆటో కోసం వీధిలోకి పరిగెత్తాను.

ఇంజెక్షన్ అయ్యాక ఒంట్లో రేడియేషన్ ఉంటుందని, కొన్నాళ్ళు ఎవరూ దగ్గరికి వెళ్ళకూడదన్నారు. మేడ మీద గది ఇచ్చాం. పలకరింపుకని బత్తాయిలతో దిగిన బంధువులు వీధిలో నిలబడి, ఆటోల హారన్ల మధ్య, "ఒంట్లో ఎలా ఉందీ?" అని పైకి కేకలేసి పోయారు. ఆవిడా కిటికీలోంచి అంతకంటే గట్టిగా జవాబు చెప్పింది.

సాయంత్రం పైనుంచి ఫోన్ చేసింది.

"ఏమే, గదిలోకి ఎలుకొచ్చింది."

"అయ్యో, బోను తెచ్చి గుమ్మం దగ్గర పెట్టనా?"

"బోనెందుకే? అందరూ వీధిలోంచి అరిచి పోయారు. లోపలికొచ్చి పలకరించింది ఇదొక్కటే. రెండు గారెలు మీ అమ్మచేత మెట్ల మీద పెట్టించు. నువ్వు మాత్రం రాకు, నిన్ను చూస్తే జడుసుకుంటుంది."