సూర్యప్రభ గోలు వదిలిన ఏడు

ఐర్లండ్‌లోని కాజిల్‌బార్ ఊరి చివర, బంతిని చేతులతో కూడా పట్టుకుని ఆడే గేలిక్ ఫుట్‌బాల్ ఆడవాళ్ల జట్టులో సూర్యప్రభ నాలుగేళ్లుగా రెండో గోల్‌కీపరు. అంటే మొదటి గోల్‌కీపరుకి ఏమైనా అయితే తప్ప మైదానంలోకి అడుగు పెట్టని మనిషి. ఆ మొదటి గోల్‌కీపరు గ్రాన్యాకి నాలుగేళ్లలో ఒకే ఒక్కసారి వేలు బెణికింది. ఆ రోజు సూర్యప్రభ పదకొండు నిమిషాలు ఆడింది. బంతి ఆమె ఛాయలకి కూడా రాలేదు.

అసలు ఆమె ఆటలోకి రావడమే ఒక విచిత్రం. హనుమకొండలో బడి రోజుల్లో జిల్లా ఖోఖో జట్టులో ఆడింది. ఆ తర్వాత చదువు, పెళ్లి. ఎముకల డాక్టరైన భర్త కొండల్ రావు వెంట మేయో జిల్లాకి రావడం, మందుల ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం. ఒక సాయంత్రం కూతురు తన్విని పిల్లల ప్రాక్టీసుకి దింపి, వానకి కారులో ముడుచుకుని కూర్చుంటే, కోచ్ పోరిక్ వచ్చి అద్దం తట్టాడు.

"పెద్దవాళ్లలో ఒకరు తక్కువయ్యారు. గోల్లో నిలబడతావా? ఏం చెయ్యక్కర్లేదు, నిలబడితే చాలు."

ముప్ఫై నాలుగేళ్ల వయసులో చీలమండల దాకా బురదలో నిలబడి, నాలుగు బంతులు ఆపి, ఇంటికొచ్చి వేడినీళ్లతో స్నానం చేస్తూ ఆమె తనలో తనే నవ్వుకుంది. మర్నాడే చేతి తొడుగులు కొనుక్కుంది.

గ్రాన్యా స్కూలు బస్సు నడుపుతుంది. సూర్యప్రభ కంటే నాలుగేళ్లు పెద్దది, తలుపంత పొడవు. మ్యాచ్‌కి ముందు ఆమె చేతులు వేడెక్కేలా బంతులు తన్నిపెట్టడం సూర్యప్రభ పని. ఆట మొదలయ్యాక బెంచీ మీద కూర్చుని, గ్రాన్యా ఆపిన ప్రతి బంతికీ తనే ఆపినట్టు ఊపిరి వదిలేది.

రెండువేల ఇరవై మార్చిలో అన్నీ మూతపడ్డాయి. మైదానం గేటుకి తాళం పడింది. కొండల్ రావుని కోవిడ్ వార్డుకి మార్చారు. రెండు నెలలు ఇంట్లో చిన్న గదిలో విడిగా ఉండి, గడప దగ్గర పెట్టిన పళ్లెం తీసుకుని తినేవాడు. మందుల ఫ్యాక్టరీ ఆగదు కాబట్టి సూర్యప్రభ రోజూ పనికి వెళ్లేది. మే నెలాఖరుకి బయట నలుగురు కలుసుకోవచ్చన్నారు. గ్రాన్యాదీ సూర్యప్రభదీ ఒకే కాలనీ. రెండు మీటర్ల దూరం ఉండమంటే వీళ్లిద్దరూ ఇరవై మీటర్ల దూరంలో నిలబడి, కాలనీ మధ్య పచ్చికలో సాయంత్రాలు బంతి తన్నుకునేవారు. అప్పుడే ఒకరోజు గ్రాన్యా అంది: "నాకిదే ఆఖరి ఏడు. వచ్చే ఏడు గోలు నీదే."

జూలైలో మళ్లీ ఆటలకి అనుమతి వచ్చింది. కానీ వెనక వరసలో ఆడే ఇద్దరు రాలేదు. ఒకామె నర్సు, ఇంకొకామెకి ఇంట్లో ముసలి తల్లి. పోరిక్ సూర్యప్రభని పక్కకి పిలిచాడు.

"నువ్వు నాలుగో నంబరుకి మారాలి. గోలు ముందు, ఎడమ మూల. మనవైపు వచ్చే అమ్మాయిని అంటిపెట్టుకుని ఉండాలి. నీ కాళ్లలో చురుకుంది, నేను చూశాను."

నాలుగేళ్లు క్యూలో నిలబడి, కౌంటరు దాకా వచ్చాక పక్క క్యూలోకి పొమ్మన్నట్టు అనిపించింది ఆమెకి. రేపు చెప్తానని వచ్చేసింది.

భోజనాల దగ్గర భర్తతో మొర పెట్టుకుంది.

"నాలుగేండ్ల సంది ఆగిన. ఒక్క ఏడు ఓపిక వడితే గోలు నాదే. ఇప్పుడు మూలకు వొమ్మంటే ఎట్ల?"

"నన్నడిగితే ఏం తెలుస్తది సూర్యా? బొక్కలిరిగితే అతికిస్త, గంతే," అన్నాడు కొండల్ రావు. "మార్చిల నన్ను వేరే వార్డుకు వొమ్మన్నప్పుడు మస్తు భయమైంది. వారం దినాలు నర్సమ్మలనే అడిగి నేర్చుకున్న."

తన్వి కంచంలోంచి తలెత్తకుండా అంది: "మామ్, ఇన్ గోల్ యు నెవర్ హావ్ టు ప్లే. దట్స్ వై యు లైక్ ఇట్."

"నోర్మూస్కోని తిను," అంది సూర్యప్రభ.

పదమూడేళ్ల పిల్ల అన్న మాట మర్నాడు ల్యాబులో కూడా ఆమెని వదల్లేదు. నిజమే కదా. బెంచీ మీద కూర్చున్నంత కాలం ఎవరూ తనని దాటిపోలేదు. తను ఎవరి చేతిలోనూ ఓడిపోలేదు.

సాయంత్రం నేరుగా గ్రాన్యా ఇంటికి వెళ్లింది. ఆమె నిచ్చెనెక్కి గోడకి సున్నం వేస్తోంది. విషయం విని చాలాసేపు బ్రష్షు ఆడించింది. తర్వాత కిందికి దిగింది.

"నీకో మాట చెప్పాలి. ఇదే ఆఖరి ఏడని కిందటేడూ అన్నాను. అంతకు ముందూ అన్నాను. నాకు వదలాలని లేదు సూర్యా. వచ్చే ఏడూ వదలను."

"మరి నాతో ఎందుకలా అన్నావు?"

"నువ్వు ఎప్పుడూ పోట్లాడలేదు. అది నాకు హాయిగా ఉండేది. తప్పే. ఇంక నా కోసం ఆగొద్దు."

సూర్యప్రభకి ఒళ్లు మండింది. గేటు దాకా వెళ్లింది. వెనకనుంచి గ్రాన్యా కేకేసింది: "మూలలో ఉంటే నా ముందే ఉంటావుగా! ఎటు పోవాలో నేను చెప్తా!" ఆ గొంతులో బతిమాలడం వినపడింది. కోపంగా వెళ్లిపోదామనుకున్న మనిషి, గేటు పట్టుకుని నవ్వేసింది. ఇంటికెళ్లి పోరిక్‌కి మెసేజ్ పెట్టింది: సరే.

ఆగస్టు మొదటి ఆదివారం మ్యాచ్. ఆమెకి దక్కింది ఎదుటి జట్టులోని పంతొమ్మిదేళ్ల పిల్ల, లేడిపిల్లలా ఉంది. పావుగంటలో మూడుసార్లు దాటిపోయి, గోలు కర్ర పైనుంచి రెండు పాయింట్లు, వలలోకి ఒక గోలు కొట్టింది. ఇక చాలు, బయటికి పిలవరా నాయనా అని సూర్యప్రభ పోరిక్ వైపు చూస్తే, అతను మబ్బులకేసి చూస్తున్నాడు.

"బంతిని చూడకు! ఆ పిల్లని చూడు!" వెనకనుంచి గ్రాన్యా అరిచింది.

చూసింది. కుడివైపు తిరగబోయే ముందు ఆ పిల్ల ఎడమ భుజం కొంచెం కుంగుతోంది. ఖోఖోలో తరిమేవాళ్లని తప్పించుకుంటూ తను కూడా అలాగే చేసేది. అది మానిపించడానికి డ్రిల్లు సారు ఎన్ని తిట్లు తిట్టాడో! మళ్లీ బంతి వచ్చింది. భుజం కుంగింది. సూర్యప్రభ అప్పటికే అక్కడ ఉంది. బంతి ఆమె గుండెలకి తగిలి చేతుల్లో పడింది.

అంతే, దాన్ని ఏం చెయ్యాలో తోచక పొదువుకుని పరుగెత్తింది. బంతి పట్టుకుని నాలుగడుగుల కంటే ఎక్కువ వేశావంటూ రిఫరీ ఈల ఊదాడు. గోలు దగ్గర గ్రాన్యా పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

ఆ తర్వాత ఆ పిల్ల ఇంకొక్క పాయింటే చేసింది. జట్టు మాత్రం రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయింది.

బట్టలు మార్చుకునే గదులు తెరవడానికి వీల్లేదు. అందుకని సూర్యప్రభ కారు డిక్కీ అంచున కూర్చుని బూట్లు విప్పింది. మోకాలు నెత్తురోడుతోంది. కొండల్ రావు వంగి, అటూ ఇటూ నొక్కి చూశాడు.

"ఏం గాలే. తోలు వోయింది."

"మంచిగ ఆడిన్నా?"

"మొదట్ల ఆగమైనవ్. తర్వాత మంచిగ ఆడినవ్."

ఆ ఏడు ఇంకా రెండు మ్యాచులు ఆడారు. ఒకటి గెలిచారు. అక్టోబరులో మళ్లీ అన్నీ ఆగిపోయాయి. మరుసటి వేసవిలో గేట్లు తెరిచినప్పుడు, రాలేకపోయిన నర్సు తిరిగొచ్చింది. పోరిక్ ఆమెని కుడి మూలకి పంపాడు. ఎడమ మూల సూర్యప్రభకే ఉంచాడు.