మంచినీళ్ళు అడిగే తంతి మాస్టారు

తలో ఊళ్ళో ఉన్న మన చుట్టాలందరూ బాగున్నారా? మాచర్ల వైపు పెద్దవాళ్ళకు మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? దాచేపల్లి ఫ్యాక్టరీ దుమ్ములో పనిచేసే పిల్లలకు దగ్గు ఎలా ఉంది? వినుకొండలో జ్వరాలన్నారు, అక్కడ నెలలు నిండుతున్న నా మనవరాలికేమీ అంటలేదు కదా? చెప్పవలసింది నోట రాక ముందు ఇవన్నీ అడిగాను. మన తంతి మాస్టారు పోయారు. పింఛను తీసుకుని నరసరావుపేటలో కొడుకు దగ్గర ఉంటూ, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెళ్ళిపోయారట.

మా ఊరి పోస్టాఫీసులో టెలిగ్రాం మిషను ముందు కూర్చునేవారాయన. మిషను లేనప్పుడు కూడా వేళ్ళు ఊరుకునేవి కావు. మనతో మాట్లాడుతూనే బల్ల మీద టకటకలాడించేవారు.

అప్పట్లో మా వీధికి ఒక అలవాటు. తంతి తెచ్చే ఖాకీ చొక్కా మలుపు తిరిగిందంటే ఇళ్ళ తలుపులు పడేవి. తంతి అంటే చావు కబురేనని, చేత్తో తీసుకోకపోతే అది మనకు తగలదని మావాళ్ళ నమ్మకం.

నా కూతురు రెండో కాన్పుకు వినుకొండలో అత్తగారింటనే ఉంది. ఎంతకీ కబురు లేదు. సంతలో ఆ ఊరి మనిషి కనబడి, "తంతి ఇచ్చారంట గదా, ఇంకా పోలేదేంది?" అన్నాడు. అలాగే పోస్టాఫీసుకు పరుగెత్తాను.

"ఏడవమాక అక్కాయ్," అన్నారు మాస్టారు. "కబురు మాయమైపోదు. యాడో ఒకచోట కూర్చొని ఉంటది. ఇచ్చినకాడి నుంచి ఒక్కో ఆఫీసునీ అడుక్కుంటా రావాలంతే."

మిషను కొట్టారు. వినుకొండ పంపానంది. నరసరావుపేట దాటించానంది. మాస్టారు చెయ్యి ఆపి, లేచి, వెనక గూటిలో ఇవ్వకుండా తిరిగొచ్చిన కాగితాలు తీశారు.

"మన దాకా వచ్చింది. మీ గుమ్మం దాకా గూడా వచ్చింది. తలుపు తియ్యలేదంట."

నేను ఆ పూట చేలో ఉన్నాను. ఇంట్లో ఉన్నది మా ఇంటాయన.

కూతురికి ఫిట్లు వస్తున్నాయి, వెంటనే రండి అని ఉంది అందులో.

మేము వెళ్ళేసరికి అది బతికే ఉంది. బిడ్డను అప్పటికే పూడ్చేశారు. "చానా చూశానమ్మా మీకోసం," అంది. ఇంటాయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

అప్పటి నుంచి చెడ్డ కబురైతే మాస్టారే తెచ్చేవారు. సైకిలు వీధి చివర ఆపి, భుజాన తువ్వాలుతో నడిచొచ్చి, అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగేవారు. తాగాకే కాగితం తీసేవారు. "నీళ్ళిచ్చిన చేత్తో తలుపు వెయ్యరు అక్కాయ్," అనేవారు. నిజమే, తలుపులు పడటం మానాయి. కానీ వీధికి కొత్త భయం పట్టుకుంది. ఒకసారి ఎండకు నోరెండి నీళ్ళడిగితే పక్కింటి వదిన శోకాలు మొదలుపెట్టింది. "కాగితం లేదమ్మా తల్లీ, ఉత్త దాహమే," అని జేబులు తిరగేసి చూపించారు.

నిన్న కొత్త తంతి మనిషి తువ్వాలు వేసుకుని వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. "పెద్దమ్మా, కాసిని మంచినీళ్ళియ్యి," అన్నాడు. చెంబు తెచ్చేలోపు మనవరాలి మొహమే కళ్ళముందు ఆడింది. మాస్టారి కబురని తెలిశాక ఒక్క క్షణం ప్రాణం తేలికపడింది. ఆయన ఉంటే, నేనలా తేలికపడినందుకు కూడా ఏమీ అనేవారు కాదు.

వినుకొండ నుంచి ఇంకా కబురు లేదు. నేను లేనప్పుడు వస్తుందేమోనని, ఇంటాయన తలుపు బార్లా తీసి, నీళ్ళ చెంబు పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చుంటానన్నాడు. మాస్టారి దినం ఆదివారం. పొద్దున బస్సుకే నరసరావుపేట వస్తున్నాను.