అప్పడంతో మొదలైన పాఠం

పక్కింట్లో అప్పడాలు వేగుతున్న వాసన వస్తే నాకు నీలవేణి మేడమ్ గుర్తొస్తారు. బరంపురం హల్దియాపదర్‌లో ఒక ఇంటి మేడ మీద, కొరియా వాళ్లకు కంప్యూటర్‌లో ఇంగ్లీషు నేర్పే చిన్న కేంద్రం ఆమెది. నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆమే. మనిషి పొట్టి, కోపం ముక్కు మీదే ఉండేది, పని దగ్గర మాత్రం రాజీ పడేవారు కాదు.

నాకు అప్పగించిన విద్యార్థిని మిన్‌జీ, సియోల్‌లో ఆఫీసు ఉద్యోగి. ఆమె పాఠాలు కొనసాగిస్తానంటేనే నా కొలువు ఉంటుంది. లేదంటే ఊరెళ్లి మళ్లీ జీడిపిక్కలు ఏరుకోవడమే. నేనేమో ‘క్రిస్ప్’ అనే మాటకు నిఘంటువులోని అర్థాలన్నీ గడగడా చదివేశాను. మిన్‌జీ మర్యాదగా తల ఊపింది. ఆ మాటతో వాక్యం చెప్పమంటే చెప్పలేకపోయింది. తమ భాషలో వేయించిన వాటి చప్పుడుకు ఒక మాట, ఆపిల్ కొరికిన చప్పుడుకు ఇంకో మాట ఉన్నాయని, ఇది అందులో ఏదో తేలడం లేదని చివరికి చెప్పింది. ఇంకో క్లాసు చూసి మానేస్తుందని నాకు అర్థమైపోయింది.

మర్నాడు క్లాసు మొదలవగానే, సంగతి తెలిసిన మేడమ్ గేట్ బజార్‌లో కొన్న అప్పడాలు వేయించి తెచ్చి నా ముందు పెట్టారు, కెమెరా ఎదుట కొరకమన్నారు. నాకు మనసొప్పలేదు. ఎంగిలి నోటితో పాఠమేమిటి? మా ఇంట్లో పుస్తకం పట్టిన చేత్తో తినుబండారం ముట్టనివ్వరు. ఆ మాటే మెల్లగా అన్నాను.

“సరస్వతమ్మకి నాను సెప్పుకుంటాను గానీ, నువ్వు కొరుకు. ముందు ఆ పిల్ల సెవిన పడాలి. అర్థం తర్వాత సెప్పు,” అన్నారు. మైకు తెరిచే ఉంది.

కొరికాను. కరకరమంది. మిన్‌జీ నవ్వేసి, లేచి వెళ్లి, వాళ్లు తినే కాల్చిన సముద్రపు నాచు, ఆపిల్ ముక్క తెచ్చుకుని ఒకదాని తర్వాత ఒకటి కొరికింది. రెండూ క్రిస్పే అన్నాను. మేడమ్ సైగ చేస్తే అప్పడం ముడుచుకున్న అంచు చూపించి, ఆ మాటకు మూలమైన లాటిన్ పదానికి ఉంగరాలు తిరిగినదని అర్థమని చెప్పాను. ఆ తర్వాత గంజి పెట్టిన నా చీర కొంగు చూపించి, ఇదీ క్రిస్పే అన్నాను. ఈసారి వాక్యాలు మిన్‌జీయే చెప్పింది. నా కొలువు నిలిచింది.

మేడమ్ పోయారు. కేంద్రం ఇప్పుడు నేనే నడుపుతున్నాను. మేడమ్ కబురు చెబితే మిన్‌జీ, ఆ రోజు పక్కనుంచి వినిపించిన గొంతు తనకింకా గుర్తుందని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఖంగుమనే ఆ గొంతు ‘క్రిస్ప్’ అని అంది. ఆ వాడుక నేను నేర్పింది కాదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఇవాళ మా కొత్త టీచరమ్మ మొదటి క్లాసు. నిఘంటువు పట్టుకుని వచ్చి కూర్చుంది. నేను వెళ్లి పక్కింటావిడను ఒక అప్పడం అడిగి రావాలి.