చివరి రౌండుకు ముందే చెయ్యి చాచింది

మా ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే మెలిస్సాది కెనడా. మంచు మీద బరువైన రాయిని జార్చి, గీసిన వలయం మధ్యకు చేర్చే కర్లింగ్ ఆటలో చిన్నప్పటి నుంచీ పోటీపడింది. అక్కడ జాతీయ జట్టులో చోటు దొరకలేదు. న్యూజిలాండ్ వచ్చి స్థిరపడ్డాక, నలభై దాటిన వయసులో, ఇక్కడి జాతీయ జట్టు ఎంపిక పోటీల్లో ఫైనల్ దాకా వచ్చింది. "ఓడితే ఇక ఆడను" అంది.

లెక్కలంటే నాకు పిచ్చి. ఆ ఆట లెక్కలు సొంతంగా నేర్చుకుని, మా ఆవిడతో, మేముండే న్యూ లిన్ నుంచి మ్యాచ్‌కి వెళ్లాను.

చివరి రౌండు మిగిలింది. మెలిస్సా కెప్టెన్‌గా ఉన్న జట్టు నాలుగు పాయింట్లు వెనకబడింది. ఒక్క రౌండులో ఎనిమిది దాకా రావచ్చు. నేను ఆశగా వేళ్లు మడుస్తుండగానే, ఆమె గ్లవ్ తీసి ఎదుటి కెప్టెన్‌కి చెయ్యి చాచింది. ఆ ఆటలో అలా చేస్తే ఓటమి ఒప్పుకున్నట్టే.

"మెల్, వద్దు! లెక్క ప్రకారం ఇంకా గెలవచ్చు!" అని లేచి అరిచాను. హాలంతా నా వైపు తిరిగి చూసింది.

"ఏవండీ, కూర్చోండి. ఇదేమన్నా క్రికెట్టా?" అని మా ఆవిడ నా చొక్కా పట్టి లాగింది.

తర్వాత మెలిస్సా కుంటుతూ మా దగ్గరికొచ్చింది. "మోకాలు వంగడం లేదు. వంగకుండా రాయి వదల్లేను. నీ లెక్కలో అది లేదు కదా" అని నవ్వబోయి ఏడ్చేసింది. నాకూ చెయ్యి చాచింది.

మన భాషలో చెయ్యివ్వడమంటే నమ్మించి వదిలేయడం. ఇన్నేళ్లు నమ్ముకున్న మోకాలు ఆ రోజు ఆమెకు చెయ్యిచ్చింది. చల్లబడిన ఆమె చేతిని పట్టుకుని చాలాసేపు వదల్లేకపోయాను.