ఎన్నూరు దాకా పోయిన వంటిల్లు

కారు ఎనకాల ఇల్లు తగిలించుకొని సముద్రం పక్కన పోతా ఉండే ఫోటో పంపించి, "మీ కాలంలో ఇట్లాంటివి ఉండెనా అమ్మమ్మా" అని అడిగితివే. ఉండె నాయనా. ఊరంతటికీ ఉండెనో లేదో తెలీదు, చింతాద్రిపేటలో మా ఇంటికి మాత్రం ఒకటుండె. అది పోయింది ఒకే ఒక్కసారి, ఎన్నూరు దాకా. యాభైల్లో మాట, నేను చిన్నపిల్లని.

అది మా అవ్వ కోసరం చేసింది. అవ్వంటే మా నాయన తల్లి. తాత పోయినకాడ్నించి గడప దాటలేదు. మడి గట్టుకొని తను వండుకున్నది తప్ప మంచినీళ్ళు గూడా బయట ముట్టేది కాదు. జట్కా ఎక్కితే మాటల్లోనే వచ్చేస్తాది సముద్రం, కానీ ఆ తోలు సీటు మీద ఎవురెవురు కూచున్నారో అని ఎక్కదు. అట్లాంటి మనిషి ఒకనాడు మజ్జిగ చిలకతా, "పోయేలోగా ఒకసారి సముద్రం చూడాల్రా" అనింది. ఆమె ఏదన్నా కావాలని అడగడం మేం అదే వినడం.

మా చిన్నాయనకి లారీలకి బాడీ కట్టే షెడ్డుండె. "నీ వంటిల్లే ఆడికి తీసకపోతానమా" అన్నాడు. కారు ఎనకాల తగిలించేటట్టు రెండు చక్రాల మీద పలకలతో గది కట్టినాడు. అవ్వ తూర్పు తిరిగే వండతాది. జనం తక్కువుండే ఒడ్డని ఎన్నూరుకి పోదామనుకున్నారు. అది ఉత్తరం గదా, అందుకని కుడిపక్క తూర్పవతాదని పొయ్యి ఆ పక్కన పెట్టినాడు. గాలి కొట్టకుండా ఆ గోడకంతా రేకు. కిటికీ ఎడమపక్క. అంత జాగర్తగా లెక్కేసినోడికి సముద్రం గూడా తూర్పునే ఉండాదని తట్టలేదు.

రాయపురం దాటినాక మేం కారులో కుడిపక్క నురగా, జాలర్ల కట్టమరాలూ చూసుకుంటా పోయినాం. ఎనకాల అవ్వ ఎడమపక్క ప్రహరీగోడలూ, ఎద్దుబండ్లూ చూసుకుంటా వచ్చింది. ఎన్నూరులో ఆపి, లోపలికి తొంగి చూసినాక గానీ చిన్నాయనకి తెలిసిరాలేదు.

"బండి తిప్పతానమా, ఈ పూటకి పడమర తిరిగి వండు."

"అదేం మాటరా. ముందు తినండి, తర్వాత తిప్పుదురు."

వంకాయ పులుసు చేసింది. ఆమెకీ సముద్రానికీ నడాన ఒక్క రేకు. "శబ్దం బాగుండాది" అనింది.

తిన్నాక కారు విప్పేసి అందరం చెయ్యేసి తిప్పినాం. సగం తిరిగి చక్రం ఇసకలో దిగబడింది. కిటికీకి ఎదురుగ్గా ఒడ్డుకి లాగిన పెద్ద పడవ, దానిపైన బెత్తెడు వెలుగు. అంతే.

"ఇల్లే మోసుకొచ్చినాం, నాలుగడుగులు మీరు దిగలేరా అత్తా" అనింది చిన్నమ్మ.

"మడితో ఉండానే" అనింది అవ్వ.

చిన్నాయన ఎద్దులు తెచ్చేదానికి పోయినాడు. అంతసేపూ అవ్వ కిటికీ కమ్మీ పట్టుకొని ఆ పడవ పైకే చూస్తా నిలబడింది. లోపల ఆమె పక్కనే నిలబడినా, నడుం దాకా కూడా రాని నాకు పడవ పలకలే తెలస్తా ఉండె. "ఏం కనపడతాది అవ్వా?" అన్నాను. "ఉండమ్మా" అనింది, నా పక్క తిరక్కుండానే. ఎద్దులు వచ్చి బండి లాగే వేళకి పొద్దు వాలిపోయింది, అందరికీ ఇల్లు చేరాలనే తొందర. తిరుగుదోవలో కిటికీ సముద్రం పక్కకే వచ్చింది, కానీ అప్పటికి అంతా చీకటి.

ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నాకిప్పుడు ఆమెకంటే వయసు జాస్తి. ఉండమ్మా అనింది గదా అని ఉంటిని, ఇన్నేండ్లు జరిగిపాయె. ఆమె చూసింది నీళ్ళా, వట్టి ఆకాశమా?