పరంధామయ్య గారి కళ్ళు

నాకు దెయ్యాల మీద ఏనాడూ నమ్మకం లేదు. చెప్పే దెయ్యం కథలన్నీ నేను అల్లినవే, ఇక నమ్మడం ఎలా కుదురుతుంది? ఢిల్లీ పక్కన మా వైశాలి కాలనీలోని తెలుగువాళ్ళు నా మాటల్లో సగం తీసేసి వింటారు. దీంట్లో మాత్రం తీసేయడానికేం లేదు.

పరంధామయ్య గారు నోయిడాలో ఉంటారు. ఇరుగుపొరుగు సోఫాలు కొంటుంటే ఆయన బొమ్మలు కొంటారు. నా స్నేహితుడు శీను ఢిల్లీలో చిత్రకారుడిగా నిలబడ్డాడంటే ఆయన చలవే. అందుకే వాడు ఆయన బొమ్మ వేయడం మొదలెట్టాడు. తన గదిలో వెలుతురు చాలదని మా హాల్లో పెట్టుకున్నాడు. ఆయన మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఆయనవి అరిగిన మోకాళ్ళు. శీనే వెళ్ళి స్కెచ్‌లు గీసుకొచ్చేవాడు.

శీను తాతలు దేవుడి విగ్రహాలు చేసేవాళ్ళు. కళ్ళు ఆఖర్న దిద్దడం వాళ్ళింటి పద్ధతి. ఇంతలో పరంధామయ్య గారికి కడుపులో గడ్డ, పెద్ద ఆపరేషన్, నమ్మకం చెప్పలేమన్నారు. వీడు కుంచె కింద పెట్టేశాడు.

"కళ్ళు పెడితే పూర్తయిపోయినట్టు గురువుగారూ. మీరు తిరిగొచ్చాకే పెడతాను."

"రాకపోతే నన్ను గుడ్డివాణ్ణి చేసి వదిలేస్తావా, శీనూ?" అని ఆయన నవ్వారు. వీడు నవ్వలేదు.

ఆపరేషన్ రోజు ఇద్దరం పొద్దున్నే ఆస్పత్రికి వెళ్ళాం. మా ఇంటి తాళంచెవి నా జేబులోనే ఉంది. శీను రోజంతా నా పక్కనే గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు.

సాయంత్రం ఆయన కళ్ళు తెరిచారు. నన్ను చూసి, "పెసరట్టు పెనం అలాగే వదిలేశావేం, మూర్తీ? పావురం తింటోంది" అన్నారు. మత్తు దిగలేదనుకున్నాం. బతికారు, అది చాలు. హాయిగా నవ్వుకుంటూ ఇంటికొచ్చాం.

తలుపు తీస్తే, వంటింట్లో పెనం మీద పావురం. హాల్లో బొమ్మకి కళ్ళు.

స్కెచ్‌లన్నిట్లో ఆయన ఎదురుగా చూస్తుంటారు. ఈ కళ్ళు పక్కకి, వంటింటి వైపు చూస్తున్నాయి. ముట్టుకుంటే వేలికి రంగంటింది.

నేనే వేశానని మావాళ్ళంటారు. నేను సున్నా గీస్తే కోడిగుడ్డవుతుంది. కిటికీలోంచి ఎవరైనా వచ్చారనుకుందామంటే దానికి ఊచలున్నాయి, పావురమే కష్టపడి దూరాలి.

శీను చాలాసేపు చూసి, "నాకింత బాగా రాదురా" అన్నాడు. అని, కింద తన సంతకం పెట్టేశాడు.

ఇప్పుడా బొమ్మ పరంధామయ్య గారి భోజనాల గదిలో ఉంది. ఆయన దాని కిందే కూర్చుని ఆవకాయ కలుపుతారు, మాకూ చెరో ముద్ద పెడతారు. ఆ కళ్ళ సంగతి నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. పెనం మాత్రం తిన్న వెంటనే కడిగేస్తున్నాను.