బ్యాగు కూర్చున్న సీటు

అద్దంకి నుంచి ఒంగోలు వెళ్లే బస్సులో పక్క సీటు మీద బ్యాగు పెట్టుకుని కూర్చున్నాను. మిరప కోతల నుంచి వస్తున్న ఒకావిడ ముగ్గురు పిల్లలతో ఎక్కింది.

"కాస్త బ్యాగు తీయండి బాబూ, చిన్నదాన్ని కూర్చోబెడతా."

తీయలేదు. ముందు సీటాయనతో, ఆమెకు వినపడేలాగే అన్నాను. "దేశం ఎంత సంపాదించినా ఏం లాభమండీ? వీళ్లిలా కంటూపోతే తినడానికే చాలదు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఆ సంపాదనలో మేం తిన్నదేంటో చెప్పండి. కోతలప్పుడు మనుషులు చాలట్లేదని తెల్లారకముందే ఆటో తెచ్చి మా గుమ్మం ముందు పెడతారు. బస్సెక్కేసరికి ఎక్కువైపోయామా?"

ముందు సీటాయన కిసుక్కున నవ్వాడు. నన్ను చూసే.

చిన్నది ఏడుస్తుంటే ఆమె వేళ్లు తగలనీయకుండా ముంజేత్తో దాని కళ్లు తుడిచింది. మిరపకాయలు కోసిన వేళ్లు తగిలితే కళ్లు మండిపోతాయి. ఆ పంటే పండించే నాకు అది తెలియంది కాదు. అయినా ఒంగోలు దాకా బ్యాగు దర్జాగా కూర్చునే వచ్చింది, నేనూ అంతే.

ఆ వారమే మా చేలో కోతలు మొదలయ్యాయి. ఎంతమంది కావాలని ఆటో అతను అడిగాడు.

"ఎంతమంది దొరికితే అంతమందినీ ఎక్కించుకురా" అన్నాను.